ఎలుకకి తెప్పించేదీ తాతకొచ్చిందీ ఒకటే పార్కిన్సన్సా?

అలిపిరి పిల్ల:
తిరుపతిలో ఎం.ఫార్మసీ చేస్తున్నా. చిత్తూరులో మా తాతకి ఏడేళ్లుగా పార్కిన్సన్స్, చొక్కా గుండీలు పెట్టుకోడానికే పావుగంట పడుతుంది, అందుకే ప్రాజెక్టు దీనిమీదే తీసుకున్నా. ఎలుకకి ఈ జబ్బు తెప్పించడానికి గైడ్ సార్ రోటెనోన్ అనే పురుగుమందు అంటున్నారు, సీనియర్ అక్కేమో సిక్స్-హైడ్రాక్సీడోపమైన్ అనే విషం అంటోంది. తాతకి ఏళ్ల తరబడి మెల్లగా ముదిరింది, మనం ఎలుకకి సూదితో తెప్పిస్తాం. రెండూ ఒకటేనని రాస్తే వైవాలో దొరికిపోనా?

నీవా ఒడ్డు:
దొరికిపోతావమ్మా, అట్లా రాయొద్దు. ఎలుకకి ఈ జబ్బు దానంతటది రాదు, మెదడులో కదలికల్ని నడిపే డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలను మనమే చంపుతాం. అక్క చెప్పిన విషం రక్తంలోంచి మెదడులోకి పోదు కాబట్టి పుర్రెకి సన్నని రంధ్రం వేసి ఒక పక్కే ఇస్తారు. రెండు మూడు వారాలాగి డోపమైన్‌లాగా పనిచేసే అపోమార్ఫిన్ ఇస్తే ఎలుక దెబ్బతినని వైపుకి గానుగెద్దులాగా తిరుగుతూనే ఉంటుంది, ఆ చుట్లు లెక్కపెట్టాలి (నేను మొదటిసారి నాలుగొందల దగ్గర లెక్క తప్పి వీడియో మళ్లీ చూసుకున్నా). ఇంకోటి, ఆ ద్రావణానికి గాలీ వెలుతురూ తగిలితే ఎర్రబడుతుంది. విటమిన్ సి కలిపి ఐస్‌లో పెట్టు, రంగు మారిందంటే పారబోయ్.

మాత్రల మామ:
ఒకటి కాదని ఎలుకను తీసిపారేయకండి. 1957లో స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్‌సన్ కుందేళ్లకి రిసెర్పిన్ ఇస్తే, అదే మన సర్పగంధి వేర్లలో ఉండేది, కదలకుండా పడిపోయాయి, మెదడులో డోపమైన్‌గా మారే డోపా ఎక్కించగానే లేచాయి. మీ తాత వేసుకునే లెవోడోపా కథ అక్కడే మొదలు. ఎంపీటీపీ అని డోపమైన్ కణాల్ని చంపే ఇంకో విషం ఉంది, దానిది ఇంకా విచిత్రం: 1982లో కాలిఫోర్నియాలో అది కలిసిన కల్తీ మత్తుమందు ఎక్కించుకున్న కుర్రోళ్లు కొయ్యబారిపోయారు, ఆ తర్వాతే దాన్ని కోతుల్లో వాడారు. ఎలుకల మీద అది సరిగ్గా పనిచెయ్యదు, చిట్టెలుకలైతే సరే.
నువ్వు ప్రాజెక్టులో పరీక్షించే మందు కదలికల్ని బాగుచేస్తుందా అని చూడాలంటే అక్క మాట విను. కణాలు చావకుండా ఆపుతుందా అన్నదైతే రోటెనోన్, అది ఈ జబ్బున్న మనుషుల మెదడులో కనిపించే ఆల్ఫా-సిన్యూక్లిన్ అనే ప్రోటీన్ ముద్దలు కూడా కట్టిస్తుంది, కాకపోతే ఎలుకకొక తీరుగా ఉంటుంది, మధ్యలో చచ్చేవీ ఎక్కువే, ఎథిక్స్ కమిటీని ఎలుకల సంఖ్య కాస్త ఎక్కువ అడుగు.

అలిపిరి పిల్ల:
నాది కదలికలే మామా, అయితే అక్కే గెలిచింది. ఎథిక్స్ కమిటీకి ఫారం ఇంకా ఇవ్వలేదు, మార్చేస్తా. అన్నా, తిరిగేదాన్ని దేంట్లో పెట్టారు?

నీవా ఒడ్డు:
అడుగు గుండ్రంగా ఉన్న పెద్ద ప్లాస్టిక్ టబ్బు. గాంధీ రోడ్డులో పాత్రల అంగట్లో దొరుకుతుంది, మూలలు లేనిది చూసి తీసుకో.