లీజు మీద హాట్ హ్యాచ్: పెట్రోల్ తీసుకోవాలా, డీజిలా? (నల్గొండ - హైదరాబాద్ రాకపోకలు)

పానగల్ రైడర్:
అందరికీ నమస్తే. ఉండేది నల్గొండ, ఆఫీసు హైదరాబాద్. వారానికి రెండు రోజులు వెళ్లి రావాలి, పోను రాను 210 కిలోమీటర్లు, ఊళ్లో తిరుగుడు కూడా కలుపుకుంటే నెలకు 2,000 దాకా పడుతుంది. మా కంపెనీ 4 ఏళ్లకు కారు లీజు ఇస్తోంది. హాట్ హ్యాచ్, అదే గట్టి పికప్ ఉన్న చిన్న బండి అంటే నాకు కాలేజీ రోజుల నుంచీ పిచ్చి, ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ కొందామని డబ్బులు కూడబెట్టే లోపే 2022లో మన దేశంలో ఆ బండే ఆగిపోయింది. ఇప్పుడు నా ముందున్నవి రెండు. హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్, 1.0 టర్బో పెట్రోల్, 120 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత). ఇంకోటి టాటా ఆల్ట్రోజ్ డీజిల్, 1.5 ఇంజిన్, 90 పీఎస్. లీజు వాళ్లు ఏడాదికి 15,000 కిలోమీటర్ల స్లాబ్‌కి కొటేషన్ ఇచ్చారు, దాటితే కిలోమీటరుకు 8 రూపాయలు. డీజిల్‌కి నెల కిరాయి 900 ఎక్కువ చెప్పారు. మనసు పెట్రోల్ అంటోంది, జేబు డీజిల్ అంటోంది. ఏది తీసుకోమంటారు?

సాగర్ రోడ్:
ముందు డ్రైవ్ చేయండి బ్రో, కాగితం మీద పీఎస్‌లు చూసి తేల్చుకోకండి. ఆల్ట్రోజ్ డీజిల్‌లో 200 ఎన్ఎం టార్క్ (లాగే బలం) 1,250 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) నుంచే అందుతుంది, నార్కట్‌పల్లి దాటాక లారీ వెనక ఇరుక్కుని సందు దొరగ్గానే తొక్కితే గేర్ దించకుండానే లాగేస్తుంది, రోజువారీ హైవేకి అది చాలా హాయి. కానీ 3,000 దాటాక ఊపు తగ్గిపోతుంది. ఎన్ లైన్ సంగతి వేరు, 172 ఎన్ఎం అయినా 4,000 దాకా అదే ఊపు, సస్పెన్షన్ గట్టిది, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు. డిండి దాటి మన్ననూరు ఘాట్ ఎక్కేటప్పుడు మీకే తెలుస్తుంది హాట్ హ్యాచ్ అని దేన్ని అంటారో. నా లెక్కలో ఆల్ట్రోజ్ మంచి డీజిల్ కారే, హాట్ హ్యాచ్ మాత్రం కాదు.

పాలమూరు బండి:
తమ్ముడూ, లీజులో ఇంధనం కంటే ముందు చూడాల్సింది కిలోమీటర్ల స్లాబ్. నెలకు 2,000 అంటే ఏడాదికి 24,000. మీ స్లాబ్ 15,000. మిగతా 9,000కి 8 రూపాయల చొప్పున 72,000, అంటే నెలకు 6,000. ఇది పెట్రోల్ బండికైనా డీజిల్ బండికైనా పడేదే.

ఇప్పుడు ఇంధనం. పెట్రోల్ లీటరు 107 దగ్గర, డీజిల్ 95.70 దగ్గర పెట్టుకుందాం. టర్బో పెట్రోల్ హైవే మీద లీటరుకు 15 కిలోమీటర్లు ఇస్తే నెలకు 133 లీటర్లు, 14,200 పైచిలుకు. డీజిల్ 21 ఇస్తే 95 లీటర్లు, 9,100. తేడా 5,100, అందులో కిరాయి 900 తీసేస్తే 4,200 మిగులు. ఇప్పుడు వచ్చే పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్, దాంట్లో శక్తి తక్కువ కాబట్టి 15 అన్నది కూడా కాలు అదుపులో పెట్టుకుంటేనే. ఆ 900 ఎందుకు ఎక్కువంటే, 4 ఏళ్ల తర్వాత డీజిల్ బండికి ఎంత ధర వస్తుందోనని లీజు వాళ్లకు భయం, ఆ తరుగుదల మన కిరాయిలోనే కలుపుతారు. రీసేల్ టెన్షన్ మాత్రం మనది కాదు, లీజులో నాకు నచ్చేది అదే. పన్ను సంగతి కూడా అడుగుతారేమో, కంపెనీ కారు లెక్కలో 1.6 లీటర్ల లోపు ఇంజిన్లన్నీ ఒకే గాటన కడతారు, అక్కడ రెండింటికీ తేడా లేదు.

ఒక్క విషయం గట్టిగా చెప్తా. డీజిల్ అంటే రోజూ హైవే ఉండాలి. నాది బీఎస్6 (కొత్త కాలుష్య నిబంధనల) డీజిల్, మధ్యలో 7 నెలలు మహబూబ్‌నగర్ టౌన్‌లోనే తిప్పాను, పిల్లల బడి రెండు కిలోమీటర్లు, మార్కెట్ ఒక కిలోమీటరు. ఇంజిన్ వేడెక్కే లోపే ఆపేయడం. ఒకరోజు పొద్దున డీపీఎఫ్ లైటు వెలిగింది, పసుపు రంగుది. డీపీఎఫ్ అంటే సైలెన్సర్ దారిలో మసి పట్టే ఫిల్టర్, హైవే మీద బాగా వేడెక్కితేనే ఆ మసి కాలిపోతుంది. జడ్చర్ల నుంచి బాలానగర్ వైపు నాలుగో గేర్‌లో 2,500 ఆర్‌పీఎం తగ్గకుండా పట్టుకుని పోయాను, అరగంటకు లైటు ఆరింది. ఆ అరగంటా నా కళ్లు రోడ్డు మీద కంటే మీటర్ మీదే ఎక్కువ ఉన్నాయి. నిర్లక్ష్యం చేస్తే ఫిల్టర్ మార్చే ఖర్చు వేలల్లో తేలదు, లీజులో కూడా దాన్ని వాడకం తప్పు కింద రాస్తే మన నెత్తినే.

పానగల్ రైడర్:
అన్నా, లెక్క చూశాక కళ్లు తెరుచుకున్నాయి, ఆ 6,000 సంగతి నేను పట్టించుకోనే లేదు. ఇంకో మాట, వచ్చే ఏడాది నుంచి ఐదు రోజులూ ఆఫీసుకు రమ్మంటారని టాక్. అదే జరిగితే ఉప్పల్ వైపు ఇల్లు తీసుకుంటాం, ఆఫీసుకు 12 కిలోమీటర్లు, అంతా ట్రాఫిక్. నల్గొండకు నెలకు ఒకసారి, పండక్కి ఒకసారి.

పాలమూరు బండి:
ఈ మాట ముందు చెప్పాల్సింది తమ్ముడూ, దీంతో మొత్తం మారిపోయింది. ఒక ఏడాది హైవే కోసం మూడేళ్లు ట్రాఫిక్‌లో డీజిల్ తిప్పొద్దు, నేను పడ్డ తిప్పలు మీరు పడొద్దు. పెట్రోల్ తీసుకోండి, మీ మనసుకు నచ్చింది కూడా అదే కదా. స్లాబ్ కూడా పెంచుకోనక్కర్లేదేమో చూడండి. మొదటి ఏడాది 24,000, తర్వాత ఏడాదికి 10,000 చొప్పున మూడేళ్లు, మొత్తం 54,000. మీ స్లాబ్ 4 ఏళ్లకు 60,000. అయితే కిలోమీటర్లు ఏ ఏడాదికాయేడు లెక్కగడతారా, చివర్లో బండి అప్పగించినప్పుడు మొత్తం చూస్తారా అన్నది కాంట్రాక్టులో రాతపూర్వకంగా ఉండాలి. ఫోన్‌లో చెప్పింది నమ్మొద్దు, మెయిల్ పెట్టించుకోండి. మధ్యలో ఉద్యోగం మారితే లీజు ముగించడానికి ఎంత కట్టాలో అది కూడా అదే మెయిల్‌లో అడగండి.

పానగల్ రైడర్:
మెయిల్ పెట్టాను అన్నా. లెక్క చివర్లోనే చూస్తామని జవాబు వచ్చింది, ఆ ముక్క అగ్రిమెంట్‌లో కూడా చేర్చమన్నాను. అది చేతికొస్తే ఎన్ లైన్, మాన్యువల్ గేర్‌బాక్స్‌తో. ఆదివారం టెస్ట్ డ్రైవ్‌కి పోతున్నా, నార్కట్‌పల్లి దాకా తీసుకెళ్లనిస్తారేమో అడుగుతా.