హెల్సింకీలో అక్టోబర్: ఈ చీకటికి ఎలా అలవాటు పడ్డారు?

ఓరుగల్లు పిల్ల:
అందరికీ నమస్తే. మాది హన్మకొండ, మాస్టర్స్ కోసం ఆగస్టు చివర్లో ఫిన్లాండ్‌లోని హెల్సింకీ వచ్చాను. సెప్టెంబర్ అంతా పండగలాగే గడిచింది. ఆకులు రంగు తిరగడాన్ని ఇక్కడ రుస్క అంటారు, ఊరి మధ్య తోలోన్‌లహ్తి అనే సముద్రపు పాయ చుట్టూ మేపుల్ చెట్లు పసుపూ ఎరుపూ అవుతుంటే క్లాసయ్యాక రోజూ అక్కడే తిరిగేదాన్ని. శరదృతువంటే తేటపడ్డ ఆకాశం, పిండారబోసినట్టు వెన్నెల అని కదా మనం చదువుకున్నది, ఆకులు రాలేది శిశిరంలో. ఇక్కడ ఆశ్వయుజంలోనే శిశిరం వచ్చేసింది.

రెండు వారాలుగా మాత్రం ప్రాణం ఉసూరుమంటోంది. ఏడింటికి లేస్తే చీకటి, ఆరున్నరకి మళ్లీ చీకటి. వాన కూడా మన దగ్గరిలా దంచికొట్టి వెలిసిపోదు, రోజంతా తుంపరే. బతుకమ్మకి తంగేడు లేదు, గునుగు లేదు, రాలిన మేపుల్ ఆకులు ఏరుకొచ్చి పళ్లెంలో పేర్చి అమ్మకి వీడియోలో చూపించాను. బాగుంది బిడ్డా అంది, ఫోన్ పెట్టేశాక ఏడుపు ఆగలేదు. నిద్ర సరిగ్గా పట్టట్లేదు, చదువు మీద మనసు నిలవట్లేదు. ఇది అందరికీ ఉంటుందా, నాకేనా?

పాసిలా అక్క:
నీకొక్కదానికే కాదు చెల్లీ, నాకు మొదటి ఏడాది ఇంతకంటే ఎక్కువే ఉండింది. టెన్షన్ పడతావేమో గానీ ముందే తెలియడం మంచిది: ఇప్పుడు పగలు రోజుకి 5 నిమిషాలకు పైగా తగ్గుతోంది, వారం తిరిగేసరికి అరగంట పోతుంది. అక్టోబర్ చివరి ఆదివారం గడియారం గంట వెనక్కి తిప్పుతారు, ఆ రోజు నుంచి నాలుగున్నర ప్రాంతానికే పొద్దు గూకుతుంది. డిసెంబర్ 21 దగ్గర పగలు 6 గంటలు కూడా ఉండదు. ఇండియాతో తేడా కూడా రెండున్నర గంటల నుంచి మూడున్నర అవుతుంది, అమ్మకి ముందే చెప్పు. నేను చెప్పలేదు, మా అమ్మ ఫోన్ పక్కన పెట్టుకుని చూసి చూసి నిద్రపోయింది.

నేను చేసేది, ఎంత మబ్బు పట్టినా మధ్యాహ్నం పన్నెండుకి అరగంట బయట నడవడం. మబ్బు పట్టిన పగలు కూడా గదిలో లైటు కంటే వెలుతురు ఎక్కువే. పొద్దున టీ తాగేటప్పుడు 10,000 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత) లైటు ముందు కూర్చుంటాను, విటమిన్ డి మానను. కానీ నిద్ర ఇలాగే పాడవుతుంటే ఆలస్యం చేయకుండా విద్యార్థుల ఆరోగ్య సేవకి ఫోన్ చెయ్యి, మాట్లాడటానికి అక్కడ మనుషులుంటారు.

గోదారి గట్టు:
ముందు ఒక రిఫ్లెక్టర్, అంటే కారు లైటు పడితే మెరిసే బిళ్ల, కొనుక్కో అమ్మా, కోటుకి దారంతో మోకాలి దగ్గర వేలాడాలి. నల్ల కోటు వేసుకుని తడి రోడ్డు దాటుతుంటే కారు నా ముందు బెత్తెడు దూరంలో ఆగింది, డ్రైవర్ చేతులు వణకడం నాకు కనిపించింది. ఆ రోజు నుంచి అది లేకుండా గడప దాటను.

ఇంకోటి, ఆదివారాలు గదిలో కూర్చోకు. పక్క ఊరు ఎస్పో సెంటర్ నుంచి 245 బస్సెక్కితే నూక్సియో అడవి. ఇక్కడ అడవి ఎవరిదైనా బెర్రీలు కోసుకునే హక్కు అందరికీ ఉంది, ఇళ్ల దగ్గరకి వెళ్లకపోతే చాలు. నాచు మధ్య ఎర్రగా లింగన్‌బెర్రీలు ఇంకా దొరుకుతాయి, అచ్చం మన వాక్కాయ పులుపు, కందిపప్పులో వేసి ఎండుమిర్చి ఇంగువ పోపు పెడితే ఆ పూట ఇల్లు గుర్తొస్తుంది గానీ బెంగ అనిపించదు. పుట్టగొడుగులు మాత్రం తెలిసినవాళ్లు పక్కన లేకుండా ముట్టుకోవద్దు, ప్రాణం తీసేవి కూడా ఉంటాయి.

కార్తీకం:
నవంబర్ మొదట్లో ఒక శనివారం ఇక్కడివాళ్లు పోయిన వాళ్ల సమాధుల దగ్గర దీపాలు పెడతారు. హియెతానియెమి శ్మశానానికి చీకటి పడ్డాక వెళ్లు. తడి ఆకుల మధ్య వందల కొద్దీ దీపాలు, పెద్దగా మాట్లాడేవాళ్లే ఉండరు. నాకు మా ఊరి కోనేటి మెట్ల మీద కార్తీక దీపాలే కనిపించాయి, మా నాన్న పేరున ఒకటి వెలిగించాను.

ఓరుగల్లు పిల్ల:
అక్కా, ఇవాళ పన్నెండుకి బయటికి వెళ్లాను. మా వీధిలో రోవన్ చెట్టుకి ఆకులన్నీ రాలిపోయాయి గానీ ఎర్ర కాయల గుత్తులు అలాగే ఉన్నాయి, ఒక్కో కాయ కింద ఒక్కో నీటి బొట్టు. చాలాసేపు అక్కడే నిలబడ్డాను. ఆరోగ్య సేవలో సోమవారానికి టైమ్ ఇచ్చారు. గోదారి గట్టు గారూ, ఆదివారం నూక్సియో వస్తాను, బెర్రీలకి డబ్బా తెచ్చుకోవాలా, సంచీ సరిపోతుందా?