లైఫ్ ఇన్ ది యూకే పరీక్ష: చరిత్ర చాప్టర్ తలకెక్కడం లేదు, ఎలా చదవాలి?

ప్రశ్న (రెడింగ్ నుంచి)

అందరికీ నమస్కారం. వచ్చే నెలలో లైఫ్ ఇన్ ది యూకే పరీక్షకి స్లాట్ బుక్ చేసుకున్నాను. ముందు ఐఎల్ఆర్ (ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి), ఆ తర్వాత సిటిజన్‌షిప్, రెండింటికీ ఈ పరీక్ష పాసవ్వాలి. నేను చదివింది ఎంపీసీ, ఆపైన బీటెక్. చరిత్రని పదో తరగతితోనే వదిలించుకున్నాను. ఇప్పుడు పరీక్షకి చదవాల్సిన హ్యాండ్‌బుక్ తెరిస్తే ఆ హెన్రీలు, జేమ్స్‌లు, ఛార్లెస్‌లు అందరూ ఒకేలా కనిపిస్తున్నారు. పిల్లలు పడుకున్నాకే చదువుకునేది, పొద్దున లేచేసరికి ఒక్క ముక్క గుర్తుండటం లేదు. తేదీలన్నీ బట్టీ పట్టాల్సిందేనా? మాక్ టెస్టులు చేసుకుంటే సరిపోతుందా?

ఇంకో టెన్షన్ కూడా ఉంది. నా పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. పేరంతా ఒకే గడిలో ఉంది. పరీక్ష దగ్గర ఇబ్బంది పెడతారా?

జవాబు (లెస్టర్ నుంచి)

కంగారు పడకండి. 24 ప్రశ్నలు, 45 నిమిషాలు, 18 కరెక్టయితే పాస్. టైమ్ బోలెడంత మిగులుతుంది.

మాక్ టెస్టులతోనే మొదలుపెట్టకండి. అలా చేస్తే ప్రశ్న గుర్తుంటుంది గానీ విషయం గుర్తుండదు, మాట కాస్త మార్చి అడిగితే దొరికిపోతాం. ముందు పుస్తకాన్ని కథలా చదవండి. నన్నడిగితే ఆ చాప్టర్‌లో సగం ఒకటే గొడవ: రాజుకి డబ్బు కావాలి, ఇచ్చేవాళ్లు షరతులు పెడతారు. దీన్ని పట్టుకుంటే తేదీలు వాటంతటవే వరసలో పడతాయి.

1215లో జాన్ రాజు మెడమీద కూర్చుని జమీందారులు మాగ్నా కార్టా ఒప్పించుకున్నారు. రాజు కూడా చట్టానికి లోబడాల్సిందే అన్నది దాని సారం. తర్వాత మొదటి ఛార్లెస్ పార్లమెంటే వద్దనుకుని పదకొండేళ్లు తన ఇష్టప్రకారం ఏలాడు. స్కాట్లాండ్‌లో తిరుగుబాటు వచ్చేసరికి సైన్యానికి డబ్బు లేక 1640లో మళ్లీ పార్లమెంటునే పిలవాల్సి వచ్చింది. వాళ్లేమో మాట వినలేదు. 1642లో ఆయనే స్వయంగా కామన్స్ సభలోకి (పార్లమెంటు దిగువ సభ) వెళ్లి ఐదుగురు నాయకుల్ని అరెస్టు చేయబోయాడు. వాళ్లకి ముందే కబురందింది, అప్పటికే జారుకున్నారు. ఆ రోజు తర్వాత ఇప్పటిదాకా ఏ రాజూ, ఏ రాణీ కామన్స్ సభలో కాలు పెట్టలేదు. అదే ఏడు అంతర్యుద్ధం, 1649లో ఛార్లెస్ తల తీశారు. ఆపైన రాజు లేకుండా పార్లమెంటు పక్షం సేనాని క్రామ్‌వెల్ పాలన, 1660లో రెండో ఛార్లెస్‌తో మళ్లీ రాచరికం.

చివరికి 1688లో రెండో జేమ్స్ పారిపోయాడు, ఆయన అల్లుడు విలియం వచ్చి రాజయ్యాడు. మరుసటి ఏడాది బిల్ ఆఫ్ రైట్స్: పార్లమెంటు ఒప్పుకోకుండా రాజు పన్ను వేయకూడదు. అక్కడితో గొడవ ఒక కొలిక్కి వచ్చింది. ఇక అక్కణ్నుంచి ఓటు ఎవరికి అనేదే ప్రశ్న. 1832 సంస్కరణ చట్టం, 1918లో 30 ఏళ్లు దాటిన ఆడవాళ్లకి, 1928లో మగవాళ్లతో సమానంగా 21 నుంచి, 1969లో అందరికీ 18 నుంచి. ఈ నాలుగింటినీ కలిపి తికమక పెట్టే ప్రశ్నలు వస్తాయి, జాగ్రత్త.

ఇక వీళ్లకంటే ముందటి రాజు ఎనిమిదో హెన్రీ. ఆయనకి ఆరుగురు భార్యలు. ముందు పిల్లల్ని చూడండి, సులువవుతుంది. కేథరిన్ ఆఫ్ ఆరగాన్ కూతురు మేరీ, ఆన్ బొలిన్ కూతురు ఎలిజబెత్, జేన్ సీమోర్ కొడుకు ఎడ్వర్డ్. ముగ్గురూ సింహాసనం ఎక్కారు. ఆయన పోయేనాటికి భార్యగా ఉన్నది కేథరిన్ పార్.

ఒక్క మాట. మన సోషల్ పుస్తకంలో చదివిన బ్రిటిష్ పాలన వేరు, ఇక్కడి పుస్తకం చెప్పే తీరు వేరు. చదువుతుంటే ఒక్కోచోట ఒళ్లు మండుతుంది. అయినా పరీక్షలో పుస్తకంలో ఉన్నదే టిక్ పెట్టండి, వాదన ఇంట్లో పెట్టుకుందాం. మనవాళ్ల ఊసు అసలు లేకపోలేదు. సేక్ దీన్ మహమ్మద్ అని బెంగాల్‌లో పుట్టినాయన 1810లో లండన్ జార్జ్ స్ట్రీట్‌లో హిందూస్తానీ కాఫీ హౌస్ తెరిచాడు, ఈ దేశంలో మొదటి కర్రీ హౌస్ అది. మా ఊరి దీపావళి సంబరాల గురించి కూడా ఒక ముక్క రాశారు లెండి.

జవాబు (మిల్టన్ కీన్స్ నుంచి)

పేరు సంగతి నేను చెప్తాను. బుకింగ్‌లో పేరు మీరు చూపించే ఐడీలో ఉన్నట్టు అక్షరం పొల్లు పోకుండా ఉండాలి. మీ అంతట మీరే ఇంటిపేరు విడగొట్టడం, ఇనీషియల్ పెట్టడం చేయకండి. ఇప్పుడే లాగిన్ అయి చూసుకోండి, తేడా కనిపిస్తే హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి. పరీక్షకి మూడు రోజుల ముందు వరకు క్యాన్సిల్ చేస్తే 50 పౌండ్లు వెనక్కి వస్తాయి. సెంటర్ దాకా వెళ్లి అక్కడ పేరు కలవకపోతే పరీక్షా లేదు, డబ్బూ రాదు.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్స్ అండీ, ఇవాళే చూస్తాను. మా అత్తగారికి 66. ఆవిడ కూడా రాయాలా? ప్రశ్నలు ఏ రకంగా ఉంటాయి?

జవాబు (మిల్టన్ కీన్స్ నుంచి)

65 నిండినవాళ్లకి ఈ పరీక్ష లేదు. ప్రశ్నల్లో కొన్ని తప్పా ఒప్పా, కొన్ని నాలుగింట్లో ఒకటి, కొన్ని నాలుగింట్లో రెండు, ఇంకొన్ని రెండు వాక్యాల్లో ఏది నిజం. "రెండు ఎంచుకోండి" అన్నచోట తొందరలో ఒకటే నొక్కి వచ్చేస్తారు చాలామంది. పాసయ్యాక వచ్చే రిఫరెన్స్ నంబర్ పారేసుకోకండి. ఐఎల్ఆర్‌కి పాసైతే సిటిజన్‌షిప్‌కి మళ్లీ రాయక్కర్లేదు, ఆ నంబరే వాడతారు.

జవాబు (కార్డిఫ్ నుంచి)

చరిత్ర సరే, చివరి చాప్టర్‌ని తేలిగ్గా తీసుకోకండి. ప్రభుత్వం, చట్టం, కోర్టులు. మార్కులు సులువుగా వచ్చేది అక్కడే. గ్రేట్ బ్రిటన్ అంటే ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్. ఉత్తర ఐర్లండ్‌ని కలిపితేనే యూకే. ఐల్ ఆఫ్ మ్యాన్, ఛానల్ ద్వీపాలు యూకేలో భాగం కావు. ఒక్కో ప్రాంతానికి ఒక్కో రక్షక సెయింటు, వాళ్ల రోజులు: వేల్స్‌కి డేవిడ్ మార్చి 1, ఉత్తర ఐర్లండ్‌కి పాట్రిక్ మార్చి 17, ఇంగ్లండ్‌కి జార్జ్ ఏప్రిల్ 23, స్కాట్లాండ్‌కి ఆండ్రూ నవంబర్ 30. ప్రభుత్వ సెలవు మాత్రం స్కాట్లాండ్, ఉత్తర ఐర్లండ్‌లలోనే. మా వేల్స్‌కి ఇవ్వలేదు, అదో బాధ.

అన్నట్టు, ఓటు కోసం సిటిజన్‌షిప్ దాకా ఆగక్కర్లేదు. మనది కామన్వెల్త్ దేశం కాబట్టి వీసా మీద ఇక్కడ ఉంటున్న ఇండియన్లు కూడా పార్లమెంటు ఎన్నికల్లో ఓటేయొచ్చు. ఇది పరీక్షలో కూడా అడుగుతారు. ఇంకా ఓటరుగా నమోదు కాకపోతే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఐదు నిమిషాల పని, నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్ దగ్గర పెట్టుకోండి.