రాత్రి అయితే సీసీ కెమెరాలో గేటు కనపడటం లేదు, అంతా తెల్లటి మసక

తెనాలి దగ్గర పల్లెలో అమ్మానాన్న ఇద్దరే ఉంటారు. ఈ మధ్య పక్క వీధిలో తాళం వేసిన ఇంట్లో దొంగలు పడటంతో వరండాలో వైఫై కెమెరా పెట్టించాం. 2 మెగాపిక్సెల్, 9 అడుగుల ఎత్తు, అక్కడి నుంచి గేటు సుమారు 25 అడుగులు. పగలు గేటు దగ్గర మనిషి ముఖం స్పష్టంగా తెలుస్తుంది. చీకటిపడి ఐఆర్ (రాత్రి చూపు కోసం కెమెరాలో ఉండే ఇన్‌ఫ్రారెడ్ లైటు) వెలగగానే తెర మొత్తం పాలిపోయినట్టు అయిపోతుంది. పైగా పురుగు ఎగిరినా ఫోన్‌కి అలర్టే. టెన్షన్ భరించలేక నాన్న నోటిఫికేషన్లు ఆపేశారు, ఇక కెమెరా ఉండి ఏం లాభం?

అద్దం మెత్తటి గుడ్డతో తుడిచాం, సాలెగూడు తీశాం, ప్లాస్టిక్ ఫిల్మ్ ముందే పీకేశాం. మోషన్ సెన్సిటివిటీ తగ్గించినా తేడా లేదు. ఐఆర్ ఆపితే మసక పోతుంది గానీ గేటు చీకట్లో కలిసిపోతుంది. కెమెరా పక్కనే సున్నం వేసిన తెల్ల స్తంభం ఉంది, ఐఆర్ వెలుగు దాని మీద పడి తిరిగి లెన్స్‌లోకి వస్తోందని నా అనుమానం. వైరింగ్ గోడలోంచి తీశారు కాబట్టి కెమెరా జరపడం కష్టం.

కెమెరాలోని ఐఆర్ ఆపేసి, గేటు వైపు విడిగా 850 నానోమీటర్ల ఐఆర్ లైటు బిగిస్తే గేటు కనపడుతుందా? ఇలా చేసి చూసినవాళ్లు చెప్పగలరు.