లెఫేవ్ర్: పలకని ‘బి’ ఉన్న కమ్మరి ఇంటిపేరు

ఫ్రాన్స్‌లో పనిచేస్తున్న సభ్యులొకరు పొద్దున ఇక్కడ మంచి ప్రశ్న వేశారు. వాళ్ల టీమ్‌లో ఒకాయన ఇంటిపేరు ఎల్-ఇ-ఎఫ్-ఇ-బి-వి-ఆర్-ఇ. ఈయన చూసింది చూసినట్టు ‘లెఫెబ్వ్రే’ అంటే ఎవరికీ అర్థం కాలేదట. అక్కడ అందరూ ‘లెఫేవ్ర్’ అనే అంటున్నారట. ‘మరి మధ్యలో ఆ బి దేనికండీ? అసలు ఆ పేరుకు అర్థమేమిటి?’ అని అడిగారు. నాకు చాలా ఇష్టమైన పేరు ఇది. కాస్త వివరంగానే రాస్తాను.

లెఫేవ్ర్ అంటే కమ్మరి. ‘ఫేవ్ర్’ పాత ఫ్రెంచి మాట, ముందున్న ‘లె’ ఇంగ్లిష్ ‘ద’ లాంటిది. మూలం లాటిన్‌లోని ‘ఫాబెర్’. అయితే లాటిన్‌లో ఫాబెర్ అంటే ఒక్క కమ్మరే కాదు. ఇనుము, కొయ్య, బంగారం, ఇలా గట్టి సరుకుతో చేతిపని చేసే ఎవరైనా ఫాబెరే. ఏ పనివాడో తెలియాలంటే పక్కన ఇంకో మాట చేర్చేవారు. మనకు పంచాణం వారు అన్న మాట ఉంది కదా, కమ్మరి, కంచరి, వడ్రంగి, కాసె, కంసాలి అందరూ అందులోకి వస్తారు. ఫాబెర్ కూడా దాదాపు అంత విశాలమైన మాట. ఫ్రాన్స్ పల్లెల్లోకి వచ్చేసరికి అది కుంచించుకుపోయి కమ్మరి ఒక్కడికే మిగిలింది.

తర్వాత ఆ ‘ఫేవ్ర్’ కూడా వాడుకలోంచి జారిపోయింది. ఇప్పుడు ఫ్రెంచివాళ్లు కమ్మరిని ‘ఫోర్జెరోఁ’ అంటారు. కొలిమికి వాళ్ల మాట ‘ఫోర్జ్’, దాని నుంచి వచ్చింది. తమాషా ఏమిటంటే ఆ ఫోర్జ్ కూడా ఫాబెర్ సంతానమే. ఫాబెర్ పనిచేసే చోటు ‘ఫాబ్రికా’, అదే నోళ్లలో అరిగి అరిగి ఫోర్జ్ అయింది. పాత మాట నేటికీ బతికి ఉన్నది కంసాలి పేరులో. బంగారపు ఫాబెర్ ‘ఓర్‌ఫేవ్ర్’ అయ్యాడు. పారిస్‌లో సేన్ నది ఒడ్డున కంసాలుల పేరుతో ఒక రేవు వీధి ఉంది. 2017 దాకా నగర నేర పరిశోధక పోలీసుల ఆఫీసు ఉన్నది ఆ వీధిలోని 36వ నంబరులోనే.

ఇక ఈ పేరు ఊరూరా ఎలా మారిందో చూడండి. ఉత్తర ఫ్రాన్స్‌లో లాటిన్ ‘ఆ’ ఏత్వం పొందింది. తండ్రి అనే అర్థం ఉన్న ‘పాతెర్’ అక్కడ ‘పేర్’ అయింది. ర ముందున్న బకారం వకారమైంది. అలా వచ్చింది ఫేవ్ర్. దక్షిణాదిలో ‘ఆ’ చెక్కుచెదరలేదు కాబట్టి అక్కడ ‘ఫాబ్ర్’. కీటకాల మీద జీవితమంతా పరిశోధించిన జాఁ-ఆఁరి ఫాబ్ర్ (1823–1915) పుట్టింది దక్షిణాన అవేరోఁ ప్రాంతంలో. అదే దక్షిణాదిలో కొన్నిచోట్ల బకారం ఉకారమై ‘ఫౌర్’ అయింది, దాన్ని ఇప్పుడు ‘ఫోర్’ అని పలుకుతారు. సంగీతకారుడు గాబ్రియేల్ ఫోరే (1845–1924) ఇంటిపేరు కూడా ఈ కొమ్మదే. ఆల్ప్స్ కొండల వైపు, సవోయ్‌లోనూ స్విట్జర్లాండ్ ఫ్రెంచి ప్రాంతంలోనూ అది ‘ఫావ్ర్’. జెస్యూట్ సంఘం తొలి సభ్యుల్లో ఒకరైన పియేర్ ఫావ్ర్ సవోయ్‌వాడు. ఆయన్ని లాటిన్ రాతల్లో ఫాబెర్ అనే రాస్తారు. 2013లో ఆయనకు సెయింట్ హోదా ఇచ్చారు. ‘లె’ తగిలించడం కూడా ఉత్తరాది అలవాటే. లెబ్లాఁ, లెబ్రఁ అక్కడివి. దక్షిణాన బ్లాఁ, బ్రఁ అంటే సరిపోతుంది.

ఇప్పుడు అసలు సంగతి, ఆ బి. లాటిన్ బకారం వకారంగా మారిపోయి వందల ఏళ్లయ్యాక దాన్ని మళ్లీ తెచ్చి పెట్టింది రాతగాళ్లు. మధ్యయుగం చివర్లో లేఖకులకు, నోటరీలకు లాటిన్ మీద మోజు పెరిగింది. ఈ మాట ఏ లాటిన్ మాట నుంచి వచ్చిందో కంటికి కనబడాలని, నోట్లో లేని అక్షరాలను రాతలో చేర్చారు. వేలు అనే అర్థం ఉన్న ‘ద్వా’ మాటలో పలకని జి అలా వచ్చిందే.

ఇంకో కారణం కూడా చెబుతారు, నాకు అది మరీ నచ్చుతుంది. అప్పట్లో యు, వి రెండూ ఒకే అక్షరం. మనం ఒకే ‘చ’ రాసి చిలకలో ఒకలా, చాపలో ఒకలా పలుకుతాం కదా (పాత నిఘంటువులు రెండోదాన్ని ‘ౘ’ అని గుర్తు పెట్టి చూపాయి), అలాగే వాళ్లూ ఒకే గుర్తును సందర్భాన్ని బట్టి అచ్చుగానో హల్లుగానో చదువుకునేవారు. కమ్మరి పేరును ‘ఫేయుర్’ అని చదవకుండా, ఇక్కడున్నది హల్లు సుమా అని చెప్పడానికి దానిముందు బి పెట్టారు. అక్షరం ఉన్నది పలకడానికి కాదు, పక్క అక్షరాన్ని ఎలా పలకాలో చెప్పడానికి.

అయినా కొందరు దాన్ని అచ్చుగానే చదివారు. యు, వి విడిపోయాక కొన్ని కుటుంబాల పేరులో వి బదులు యు స్థిరపడి ‘లెఫేబ్యూర్’ అనే కొత్త ఇంటిపేరు పుట్టింది. ఏ కమ్మరినీ ఎవరూ నోటితో అలా పిలవలేదు. కేవలం రాతలోంచి పుట్టిన పేరు అది. భాష నోటినుంచి కాగితానికి వెళ్తుందని అనుకుంటాం, ఇక్కడ కాగితంనుంచి నోటికి వచ్చింది. అందుకే ఈ పేరంటే నాకంత ఇష్టం.

అప్పటి పండితులకు మూలం బాగా తెలుసు. బైబిల్ కొత్త నిబంధనను 1523లో ఫ్రెంచిలోకి తెచ్చిన జాక్ లెఫేవ్ర్ సొంతూరు ఉత్తరాన ఎతాప్ల్. లాటిన్‌లో ఆయన తన పేరును ‘ఎతాప్ల్ ఫాబెర్’ అని అర్థమొచ్చేలా రాసుకున్నాడు.

కింద వచ్చిన ప్రశ్నలకు ఇక్కడే జవాబులు రాస్తున్నాను.

‘ఈ పేరు అంత ఎక్కువగా ఎందుకు ఉంది?’ బి ఉన్న లెఫేవ్ర్ ఒక్కటే ఫ్రాన్స్ ఇంటిపేర్లలో మొదటి ఇరవైలో ఉంటుంది. మొదటి స్థానం మార్తాఁ అనే పేరుది. నోర్, పా-ద-కలే వంటి ఉత్తర జిల్లాల్లో లెఫేవ్ర్‌లు బాగా ఎక్కువ. కారణం వెతకడం కష్టమేమీ కాదు. ఊళ్లో అందరూ దున్నేవాళ్లే అయితే ‘రైతు’ అని పిలిచి ఎవర్ని గుర్తుపడతారు? కమ్మరి మాత్రం ఊరికి ఒక్కడో ఇద్దరో. నాగలి కర్రుకీ గుర్రపు నాడాకీ అందరూ వెళ్లేది అతని దగ్గరికే. కాబట్టి పని పేరే గుర్తింపు అయింది, కొడుకు కొలిమి ముట్టకపోయినా అదే ఇంటిపేరుగా నిలిచింది. పైగా ఇది ఒక్క వంశం కాదు, ప్రతి ఊరి కమ్మరీ విడివిడిగా ఈ పేరు పొందినవాడే. లెఫేవ్ర్‌లంతా చుట్టాలు కారు. ఫ్రాన్స్‌లోనే బ్రెటన్ భాష మాట్లాడే చోట కమ్మరి ‘లె గోఫ్’, జర్మన్ మాండలికపు అల్సాస్‌లో ‘ష్మిట్’.

‘అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు బ్రెట్ ఫార్వ్ పేరూ ఇదేనా?’ అదేనండీ. రాత ఫావ్ర్, అమెరికన్ నోట్లో ర ముందుకొచ్చి ఫార్వ్ అయింది. దీనికన్నా విచిత్రం కెనడా నుంచి అమెరికాకు వలస వెళ్లిన కొందరు లెఫేవ్ర్‌లది. వాళ్ల పలుకుబడిలో చివరి ర పోయి ‘లెఫేవ్’ అయింది. ఫ్రెంచిలో ‘ఫేవ్’ అంటే చిక్కుడు జాతి గింజ. దాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చి ‘బీన్’ అని పెట్టుకున్న కుటుంబాలున్నాయి.

‘ఒకే ఇంట్లో బి ఉన్నవాళ్లూ లేనివాళ్లూ ఉంటారా?’ ఉండేవారు. చర్చి రిజిస్టర్లలో పూజారి విన్నట్టు రాసేవాడు, కాబట్టి అన్నకు బి ఉండి తమ్ముడికి లేకపోవడం పెద్ద వింత కాదు. విప్లవ ప్రభుత్వం 1794 ఆగస్టులో, జనన పత్రంలో ఉన్న పేరు తప్ప వేరే పేరు ఎవరూ వాడకూడదని చట్టం చేసింది. 1877 నుంచి ప్రతి కుటుంబానికీ ఒక అధికారిక పుస్తకం ఇవ్వడం మొదలయ్యాక వర్ణక్రమం దాదాపు గట్టిపడిపోయింది. అప్పటికి ఎవరి కాగితంలో ఏముంటే అదే వాళ్లకు మిగిలింది.

తెలుగులో ఎలా రాయాలంటే, నా ఓటు ‘లెఫేవ్ర్’కే. మన పత్రికల్లో ‘లెఫెబ్వ్రే’ అని కనబడుతుంటుంది. ఇంగ్లిష్ అక్షరాలను ఒక్కొక్కటిగా తెలుగులోకి దింపితే వచ్చే రూపం అది. మన లిపి పలికింది పలికినట్టు రాసుకోగల లిపి, ఆ సౌకర్యాన్ని వదులుకోవద్దు. లెఫేబ్యూర్‌లకు మాత్రం బి రాయాల్సిందే, వాళ్లు పలుకుతారు.