అత్తతో ఇంట్లో చూసిన సినిమాలు, ఇంకేం చూడమంటారు?

కొర్లగుంట కోడలు:

మా అత్తకు మోకాలి ఆపరేషన్ అయింది. కొన్నాళ్లు గడప దాటొద్దన్నారు. నేను ఆఫీసు నుంచి రాగానే ఇద్దరం టీవీ ముందు చేరుతున్నాం. సినిమా ఎంచేది నేను, తీర్పు చెప్పేది ఆమె. అత్త పుట్టిల్లు నగరి పక్కన పల్లె. తమిళం తెలుగంత బాగా వస్తుంది, హిందీ ఒక్క ముక్క రాదు, కింద వచ్చే అక్షరాలు చదివే ఓపిక లేదు.

మన తిరుపతి కథ అని మొదట '35' పెట్టాను. పదో తరగతి తప్పిన తల్లి కొడుకు కోసం మళ్లీ లెక్కలు పట్టుకోవడం, అందులో నివేదా థామస్, చాలా బాగుంది. సున్నాకు విలువ లేదంటారే, మరి ఒకటి పక్కన పెడితే తొమ్మిది కంటే పెద్దదెట్లా అవుతుందని పిల్లాడు అడుగుతాడు చూడండి, అక్కడ నేను పడిపోయాను. లెక్కల సారు పాత్రనే మరీ కర్కశంగా రాశారనిపించింది. ప్రియదర్శి బాగా చేశాడు, అది వేరే మాట.

'మంజుమ్మల్ బాయ్స్' మొదట్లో తాగుడూ తిరుగుడే అని అత్త విసుక్కుంది. కుర్రాడు గుహలో పడిపోగానే "పొయ్యి మీద పాలున్నాయి" అని వాకర్ పట్టుకొని వంటింట్లోకి పోయింది. పొయ్యి మీద ఏమీ లేదు! అక్కడి నుంచే "ఎత్తినారా పాపా వాణ్ణి?" అని అడుగుతానే ఉంది. "ఎత్తినారత్తా" అన్నాకే బయటికొచ్చింది. 2006లో కొడైకెనాల్‌లో నిజంగానే జరిగిందని చెప్తే, ఆ పిల్లోడి తల్లి ఏమైపోయిందో అని పడుకునేదాకా అదే ధ్యాస.

'లాపతా లేడీస్' హిందీలోనే చూశాం, పక్కన కూర్చొని నేను చెప్తా పోయాను. ముసుగుల వల్ల రైల్లో పెళ్లికూతుళ్లు మారిపోవడం ఆమెకు ఇట్టే పట్టింది. ప్లాట్‌ఫాం మీద టీ కొట్టు నడిపే మంజూ మాయి వచ్చినప్పుడల్లా "నువ్వు కాసేపు గమ్మునుండు, ఆమెను మాట్లాడనీ" అని నా నోరు మూయించింది. ఏమర్థమైందో మరి.

'మెయ్యళగన్' దగ్గర మాత్రం గొడవ పడ్డాం. తెలుగులో 'సత్యం సుందరం'గా ఉంది, కానీ అత్త తమిళంలోనే పెట్టమంది. అంత ప్రేమగా చూసుకుంటున్న కార్తి పేరు గుర్తురాక అరవింద్ స్వామి లోలోపల నలిగిపోవడం బాగుంది, కాదనను. కానీ రాత్రంతా మాటలే! విడుదలయ్యాక 18 నిమిషాలు కత్తిరించారు, ఇంకొంచెం కత్తిరించినా పోయేదేం లేదన్నాను. "చుట్టాలింటికి పోతే మేము అట్నే తెల్లార్లూ మాట్లాడుకుంటాం, నీకేం తెలుసు" అని ముఖం తిప్పుకుంది.

'పుష్ప 2' సంగతి. 3 గంటల 20 నిమిషాలు, అత్త కాలికి ఒక్కసారిగా కుదరదు కాబట్టి ముక్కలు చేసి చూశాం. హీరో మాతంగి వేషం కట్టి ఫైటు చేసే గంగమ్మ జాతర సీన్‌కు నాకు ఒళ్లు జలదరించింది. అత్త మాత్రం ఒప్పుకోలేదు. దొర వేషంలో పాలెగాడి తల నరికిన గంగమ్మ, మాతంగి వేషంలో పోయి వాడి పెళ్లాన్ని ఓదార్చిందంట. ఓదార్చే వేషాన్ని పట్టుకొని ఫైటు పెడతారా అని ఆమె బాధ.

ఇప్పుడు చెప్పండి, ఇంకేం చూడమంటారు? రక్తం వద్దు, రెండున్నర గంటలు దాటొద్దు. తమిళమైనా సరే.

మదనపల్లె లెక్కల మాస్టారు:

'35'లో లెక్కల సారు కర్కశం అంటున్నారు గానీ, ఆయనలా మార్కులనే పిల్లల పేరుగా పిలిచేవాళ్లను స్టాఫ్ రూములో నేను చూశానమ్మా. రచయిత ఏమీ పెంచలేదు. నాకున్న బాధ వేరే. ఆ పిల్లాడి ప్రశ్న వినగానే సారు బోర్డు మీద ఒకట్లు, పదులు అని రెండు గళ్లు గీసి ఉంటే సరిపోయేది. సున్నా వచ్చి ఒకట్ల గడిలో కూర్చుంటే ఒకటి పదుల గడిలోకి జరుగుతుంది. పెరిగింది ఒకటి ఉన్న చోటు వల్ల. అదే సున్నాను ఒకటికి ఎడమ పక్కన పెట్టు, ఏమీ మారదు. నేను ఆరో తరగతికి చింతగింజలతో చెప్తాను. అడిగినవాణ్ణి మొద్దు అనుకోవడమే అసలు తప్పు.

చిత్తూరు బన్నీ ఫ్యాన్:

అక్కా, పాలెగాణ్ణి నరికింది కూడా గంగమ్మే కదా! ఆ ఫైటులో ఉన్నది దొర వేషం నాటి కోపం అనుకోమనండి అత్తను. మన చిత్తూరు యాస మాట్లాడే పాత్రకే ఒక తెలుగు హీరోకు మొట్టమొదటిసారి జాతీయ ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది, అది మొదటి భాగానికి. అంతకు ముందు మన యాసను ఫ్యాక్షన్ విలన్లకూ కమెడియన్లకూ తప్ప ఎవరు వాడినారు? ముక్కలు చేసి చూస్తే జాతర సీన్ ఎట్లా ఎక్కుతుందిలే.

పుత్తూరు రైతుబిడ్డ:

తమిళం వచ్చినామెకు 'కడైసి వివసాయి' పెట్టండి. నల్లాండి అనే నిజం రైతే అందులో ముసలి రైతుగా చేశాడు, సినిమా విడుదల కాకముందే పోయాడు పాపం. చచ్చిపడున్న నెమళ్లను పూడ్చిపెడితే, ఈయనే చంపాడని కేసు పెడతారు. జైల్లో ఉంటే పైరు ఎండిపోతుందని ఆయన దిగులు. చివరికి జడ్జి ఆ మడికి నీళ్లు పెట్టే పని పోలీసుకు అప్పజెప్తుంది. కానిస్టేబుల్ చెంబు పట్టుకొని మడిలో తిరిగేది చూసి మా నాయన పడీ పడీ నవ్వాడు. నిదానంగా పోతుంది, మీకు విసుగు రావచ్చు, అత్తకు రాదు.

తెలుగులో అయితే 'సినిమా బండి'. ఆటోలో దొరికిన కెమెరాతో పల్లెటూరోళ్లు సినిమా తీసే కథ, గంటన్నర చిల్లరే. ములబాగల్ పక్కన తీశారు. మన పలమనేరు దాటితే వచ్చే మాటే అంతా.

కొర్లగుంట కోడలు:

శనివారం 'కడైసి వివసాయి' పెడతాం. ఈసారి పక్కన కూర్చొని చెప్పే పని అత్తది. మాస్టారూ, గళ్ల సంగతి మా చిన్నోడికి ఇడ్లీ ప్లేట్లలో పెట్టి చూపిస్తే టక్కున పట్టాడు, థ్యాంక్స్.

బన్నీ తమ్ముడూ, నీ మాట అత్తకు చదివి వినిపించాను. యాస సంగతి ఒప్పుకుంది. జాతర దగ్గర మాత్రం తగ్గలేదు. "మేలో జాతరప్పుడు మాతంగి వేషం నాడు ఆ పిల్లోణ్ణి తాతయ్యగుంట గంగమ్మ గుడికి రమ్మను, నేనే దగ్గరుండి చూపిస్తా" అంది.

చిత్తూరు బన్నీ ఫ్యాన్:

వస్తానక్కా. బండి మాత్రం మీ ఇంటి దగ్గర పెట్టుకోనియ్యండి, ఆ రోజు గుడి చుట్టుపక్కల సందు దొరకదు.