గ్రూప్స్ ప్రిపరేషన్‌కి పిరాసెటమ్: పనిచేస్తుందా, పనిచేసినట్టు అనిపిస్తుందా?

అశోక్‌నగర్ రూమ్ 9
సూటిగా అడుగుతున్నా. గ్రూప్ 2కి ఇది నా మూడో ప్రయత్నం. మా రూమ్‌లో ఒకడు ఆరు వారాల నుంచి జ్ఞాపకశక్తికని పిరాసెటమ్ 800 (మిల్లీగ్రాముల బిళ్ల) వేసుకుంటున్నాడు, పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. ఇప్పుడు రాజ్యాంగంలో ఏ ఆర్టికల్ అడిగినా టకటకా చెప్తున్నాడు. వాణ్ణి చూసి నేనూ రెండు స్ట్రిప్‌లు తెచ్చుకున్నా, షాపులో చీటీ కూడా అడగలేదు. ఇంకా వేసుకోలేదు, టేబుల్ మీద పెట్టుకుని చూస్తున్నా. వాడినవాళ్లు చెప్పండి, నిజంగా తేడా ఉంటుందా? "డాక్టర్‌ని కలువు తమ్ముడూ" అని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్లకి ముందే దండం.

నిద్రగన్నేరు
ఉంటుంది. ఎనిమిది నెలలు వాడి చెప్తున్నా, రోజుకి 2.4 గ్రాములు. బుర్రలో లైటు వెలుగుతుందనుకుంటే మాత్రం డబ్బు దండగ. నాకు తెలిసిన తేడా ఒక్కటే, మాట నాలుక మీదే ఉండి బయటికి రాకపోవడం తగ్గింది. అదీ మొదటి వారంలో కాదు, రెండు వారాలు దాటాక. ఇదేదో నా ఊహ అనుకోకండి, 1976లో డైమండ్, బ్రౌవర్స్ అనే ఇద్దరు పరిశోధకులు 16 మంది కాలేజీ విద్యార్థులతో పరీక్ష చేశారు, మందు ఇచ్చినవాళ్లకి రోజుకి 4.8 గ్రాములు. 7 రోజులకి ఏమీ లేదు, 14 రోజులకి మాటలు గుర్తుపెట్టుకోవడంలో తేడా కనిపించింది. అందరూ ఐదో రోజుకే మానేసి "వేస్ట్" అని రాస్తారు.

చార్మినార్ డేటా
పదహారు మందా అన్నా! మా ఊళ్లో పెళ్లి భోజనాలకి ఒక్క బంతిలో అంతకంటే ఎక్కువమంది కూర్చుంటారు.

అసలు ఈ మందు పుట్టుక చూడండి. 1964లో బెల్జియంలో యూసీబీ కంపెనీలో కార్నెలియు జుర్జియా బృందం తయారు చేసింది. మెదడుని నెమ్మదింపజేసే గాబా అనే రసాయనాన్ని పోలిన అణువు కాబట్టి నిద్ర మందు అవుతుందని ఆశపడ్డారు, అవలేదు. 1972లో ఆయనే ‘నూట్రోపిక్’ అనే మాట పుట్టించాడు, ఆ పేరున్న మందు ఎలా ఉండాలో కూడా ఆయనే రాశాడు: జ్ఞాపకాన్ని పెంచాలి, మత్తు ఉండకూడదు, హాని దాదాపు ఉండకూడదు అని. ముందే పిల్లని ఖాయం చేసుకుని తర్వాత పెళ్లిచూపులకి షరతులు రాసుకున్నట్టు ఉంది కదా.

న్యూరో వార్డు నైట్ డ్యూటీ
పీజీ చేస్తున్నాను, విభాగం హ్యాండిల్‌లోనే ఉంది. చార్మినార్ గారూ, వెటకారం బాగుంది కానీ ఈ మందుకి అసలు పనే లేదన్నట్టు మాట్లాడకండి. మయోక్లోనస్ అని ఒకటుంది, కాళ్లూ చేతులూ ఉన్నట్టుండి ఎగిరిపడతాయి, గ్లాసు పట్టుకుంటే నీళ్లు గోడకి పోతాయి. అందులో మెదడు పైపొర నుంచి వచ్చే రకానికి ఇది పనిచేస్తుంది, బ్రిటన్‌లో లైసెన్స్ ఉన్నది దానికే. డోసు రోజుకి 7.2 గ్రాములతో మొదలుపెట్టి 24 గ్రాముల దాకా పెంచుతారు. మీరు వేసుకునే ఒకటిన్నర గ్రాము ఎక్కడ, అదెక్కడ.

ఇక జ్ఞాపకశక్తి సంగతి. మతిమరుపు జబ్బుకి వాడమని చెప్పేంత ఆధారం లేదని, పరిశోధనలన్నీ కలిపి చూసే కోక్రేన్ సంస్థ సమీక్ష తేల్చింది. పక్షవాతం వచ్చిన 927 మందికి 12 గంటల్లోపు ఇచ్చి చూశారు, 1997లో ఫలితాలు వచ్చాయి, మొత్తం మీద తేడా లేదు. అయినా మన దగ్గర సిటికోలిన్ (ఇంకో మెదడు మందు) 500, పిరాసెటమ్ 800 కలిపిన బిళ్ల డిశ్చార్జ్ చీటీల్లో తరచూ కనిపిస్తుంది. పెద్ద డాక్టర్లు రాస్తారు, నేనూ కాపీ చేస్తాను, ఏం దాచుకోను.

ఒక్క హెచ్చరిక. ఇది మార్పు లేకుండా మూత్రపిండాల నుంచే బయటికి పోతుంది, అందుకని కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకి ప్రమాదం. రక్తం గడ్డకట్టే గుణాన్ని కొంచెం తగ్గిస్తుంది, ఆస్పిరిన్, వార్ఫరిన్ లాంటి గడ్డకట్టనివ్వని మందులు వాడేవాళ్లు జోలికి పోవద్దు. ఆరోగ్యంగా ఉన్న పాతికేళ్ల కుర్రాడికి ఎక్కువగా వచ్చేది నిద్ర పట్టకపోవడం, చిరాకు, కొంచెం బరువు పెరగడం.

చిన్నోడి అమ్మ
చదువు గురించి కాదు కానీ నేనూ చెప్పాలి. మా బాబుకి మూడేళ్లు దాటినా మాటలు రాలేదు. మేం చూపించిన డాక్టర్ గారు పిరాసెటమ్ సిరప్ రాశారు. మొదలుపెట్టిన వారానికి వాడు రాత్రి రెండింటికి లేచి మంచం మీద గెంతడం మొదలుపెట్టాడు, నేను లైటు వేస్తే నవ్వుతాడు, ఆపేస్తే ఏడుస్తాడు. సాయంత్రం డోసు మధ్యాహ్నానికి మార్చమన్నారు, కాస్త తగ్గింది. స్పీచ్ థెరపీ కూడా అదే నెలలో పెట్టాం. ఆరో నెలలో గోడ మీద చూపించి "చీమ" అన్నాడు. మా అత్తగారు సిరప్ వల్లే అంటారు, నేను థెరపీ అంటాను, మా ఆయన వాడికి వచ్చే టైమ్‌కి వచ్చింది అంటారు. ఇప్పటికీ ఆ గొడవ తేలలేదు.

న్యూజెర్సీ చలి
అక్కా, మీ ఇంటి గొడవే ఈ చర్చంతా. అమెరికాలో దీన్ని మందుగా ఆమోదించలేదు, సప్లిమెంట్‌గా అమ్మడానికీ ఒప్పుకోలేదు, అయినా ఆన్‌లైన్‌లో డబ్బాలు దొరికేవి. ఐదు బ్రాండ్లు కొని పరీక్షిస్తే నాలుగింటిలో ఉంది అని 2019లో జామా ఇంటర్నల్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఇక్కడ దొంగచాటు సరుకు, బ్రిటన్‌లో చీటీ మందు, మీ సందు చివర చీటీ లేకుండా దొరికే మందు!

చార్మినార్ డేటా
సరే, నా సొంత కథ చెప్తా. రెండేళ్ల క్రితం నేనూ వాడాను. 400 మిల్లీగ్రాముల గుళికలు కొని మా రూమ్మేట్ చేతిలో పెట్టా. వాడు సగం గుళికలు విప్పి, పొడి పారబోసి కార్న్‌ఫ్లోర్ నింపాడు. ఆ పొడి చేదు, వేలికి అంటినా తెలుస్తుంది, అందుకే గుళిక బయట తడిగుడ్డతో తుడిచి ఇచ్చేవాడు పాపం. రోజూ పొద్దున నాణెం ఎగరేసి ఏది పడితే అది. నేను రాత్రి నోట్‌బుక్‌లో "మందు" లేదా "పిండి" అని రాసి పడుకోవాలి. 20 రోజులు. చివరికి వాడి కాగితం, నా నోట్‌బుక్ పక్కపక్కన పెడితే 11 సరిగ్గా చెప్పా. "ఈ రోజు ఇరగదీశా, నాలుగు చాప్టర్లు" అని కింద రెండు గీతలు కొట్టిన రోజు పిండి రోజు.

నిద్రగన్నేరు
మంచి ప్రయత్నమే కానీ పరీక్ష తప్పు తమ్ముడూ. రెండు వారాలు వరుసగా వేసుకుంటేనే పని అని మొదటే చెప్పా. నాణెం ఎగరేస్తే నీకు రెండు వారాలు వరుసగా పడి ఉండదు. నువ్వు కొలిచింది కాఫీని కొలిచినట్టు, ఇది కాఫీ కాదు.

చార్మినార్ డేటా
ఒప్పుకుంటా, నా పరీక్షలో లోపం అదే. మరి నీ ఎనిమిది నెలల్లో మందు తప్ప ఇంకేం మారలేదా?

నిద్రగన్నేరు
నైట్ షిఫ్ట్ ఉద్యోగం మానేశాను. ఏడు గంటలు పడుకుంటున్నా.

చార్మినార్ డేటా
😐

నిద్రగన్నేరు
నవ్వకు. మందు మానేసిన నెలలో మళ్లీ తడుముకోవడం మొదలైంది, దానికేం చెప్తావ్?

న్యూరో వార్డు నైట్ డ్యూటీ
మానేశానన్న సంగతి మీకు తెలుసు కదండీ. చార్మినార్ గారికైతే ఏ రోజు కార్న్‌ఫ్లోరో తెలియదు.

అశోక్‌నగర్ రూమ్ 9
అందరికీ థాంక్స్. రూమ్మేట్‌ని కూర్చోబెట్టి అడిగా. ఆరు వారాల నుంచి పొద్దున ఐదింటికి సిటీ సెంట్రల్ లైబ్రరీ గేటు దగ్గర లైన్‌లో నిలబడుతున్నాడట సీటు కోసం, ఫోన్ రూమ్‌లోనే వదిలేసి. బిళ్ల కూడా అప్పుడే మొదలుపెట్టాడు. ఏది పనిచేసిందని అడిగితే "రెండూ మాననురా, రిస్క్ ఎందుకు" అన్నాడు. నేను లైన్‌లో నిలబడటం రేపటి నుంచి మొదలుపెడతా, బిళ్ల సంగతి తర్వాత. ఇక్కడ మెడికల్ షాపువాళ్లు ఎవరైనా ఉన్నారా, స్ట్రిప్‌లు వెనక్కి తీసుకుంటారా?

కౌంటర్ వెనక మనిషి
బిల్లు ఉందా బాబూ?

అశోక్‌నగర్ రూమ్ 9
చీటీయే అడగనివాళ్లు బిల్లు ఇస్తారా అన్నా.